బైపీసీ గండం గడిచిన ఆదివారం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేను పెంచి చెప్పే మనిషిని. నన్ను తేలు కుట్టిందని కేక పెడితే మా ఇంట్లో వాళ్లు తీరిగ్గా లేచి వచ్చి చీమ కోసం వెతుకుతారు. బస్సులో నిలబడటానికి కూడా చోటు లేదని వాపోతే, అయితే కిటికీ పక్కన సీటు దొరికిందన్నమాట అనుకుని మా ఆవిడ నిశ్చింతగా నా చేతిలోని కూరగాయల సంచి అందుకుంటుంది. కాబట్టి ఈ కింద రాసినదాంట్లో ఎక్కడైనా ఏనుగు అడ్డం వస్తే మీరు దాన్ని మేకపిల్ల కింద జమకట్టుకుని ముందుకు సాగిపోండి. అయితే పెంచడం వేరు, కల్పించడం వేరు. కల్పించింది ఒక్కచోటే. అదెక్కడో చివర నేనే చెబుతాను.

మొన్న ఎండాకాలంలో మా అక్క కూతురు భద్రాచలం నుంచి ఖమ్మం వచ్చింది. పదో తరగతి గట్టెక్కిన పిల్ల, నేను జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతాను గనుక దగ్గరుండి చేర్పిస్తానని మా ఇంటికి పంపారు. గ్రూపు విషయం తేల్చడానికి కనీసం వారం రోజుల మంతనాలైనా ఉంటాయని నేను సెలవు కూడా పెట్టి కూర్చున్నాను. ఆ పిల్ల బస్టాండులో షేర్ ఆటో ఎక్కి ఖానాపురం హవేలిలో మా గుమ్మం ముందు దిగేలోపే తేల్చేసుకుందట. చెప్పులు విడుస్తూనే "ఎంపీసీ మామయ్యా" అని, అదే ఊపులో ఫ్రిజ్ తెరిచి మజ్జిగ ఉందా అని వెతుక్కుంది. మీ అమ్మ ఏమంది అన్నాను. సరే అన్నది అంది. మీ నాన్న? ఆయన గూడ సరే అన్నడు అంది. మరి పాస్టరుగారు, అని నోరు జారాను.

"ఆయనకేం సంబంధం మామయ్యా?" అని గ్లాసు మూతి దగ్గరే ఆపి నా మొహంలోకి చూసింది.

ఏం సంబంధమో ఆ పిల్లకు ఏం చెప్పను. మన కాలంలో పదో తరగతి దాటినవాళ్లు మీరైతే మీకు అర్థమవుతుంది. మనం గ్రూపు ఎంచుకోలేదు, గ్రూపే మనల్ని ఎంచుకుని జుట్టు పట్టుకుని లాక్కుపోయింది. నా జుట్టు పట్టుకున్నవాళ్లలో మా అమ్మ ఉంది, మా చర్చి సంఘం ఉంది, సాక్షాత్తు దేవుడే ఉన్నాడని అమ్మ నమ్మకం. ఇక పాస్టరుగారిది చిన్న పాత్రే.

రెండువేలు దాటిన తొలి ఏళ్లవి. ఫలితాలు చూసుకోవడానికి నెట్ సెంటరు ముందు కొట్టుకున్న రోజులు. మేం మణుగూరులో ఉండేవాళ్లం. మా కాలనీ క్వార్టర్ల వెనక ప్రహరీ దాటితే అడవే. మధ్యాహ్నం బొగ్గుగనిలో బ్లాస్టింగ్ చేస్తే మా వంటింట్లో గిన్నెలు ఒకదాన్నొకటి పలకరించుకునేవి. ఉతికి ఆరేసిన తెల్లచొక్కా ఆరేసరికి బూడిదరంగు చొక్కా అయ్యేది, కాబట్టి మా ఊళ్లో తెల్లచొక్కాతో ఎవరైనా కనబడితే ఆ ఉదయమే బస్సు దిగిన చుట్టమని దూరం నుంచే పోల్చుకునేవాళ్లం. నాన్న గని వర్క్‌షాపులో ఫిట్టరు. ఆయనకు షిఫ్టులు మారుతుండేవి. మేం మేలుకుంటే ఆయన నిద్ర, ఆయన మేలుకుంటే మేం బడి, అందువల్ల మా ఇంట్లో జరిగే ప్రతి సంగతీ ఆయనకు ఒక షిఫ్టు ఆలస్యంగా తెలిసేది. ఒకసారి మా ఇంట్లో కుక్కపిల్ల వచ్చి, పెరిగి, తప్పిపోయి, అంతా అయ్యాక "ఏందే, కుక్కపిల్లను తెచ్చుకున్నరట?" అని అడిగాడాయన.

నేనింకా పలక పట్టే వయసులో ఉండగా ఒక వానాకాలం నాకు మలేరియా వచ్చింది. ఆ అడవి పక్క మలేరియా రానివాణ్ణి ఊరివాడిగా లెక్కలో వేసుకునేవాళ్లు కాదు గనుక మొదట ఎవరూ పట్టించుకోలేదు. కానీ నాది తలకెక్కింది. ఒళ్లు తెలియని నన్ను అమ్మ చీరలో చుట్టుకుని గోదావరి వంతెన దాటించి భద్రాచలం దవాఖానాకు తీసుకుపోయింది. నా ఒంటి వేడికి సెలైన్ సీసా మరిగి ఈల వేసిందని నేను చెబుతుంటాను, అది మీరు మేకపిల్ల కింద వేసుకోండి. ఆ మంచం పక్కన నేల మీద మోకాళ్లూని అమ్మ మొక్కుబడి చేసుకుంది. ఈ పిల్లగాడు బతికితే డాక్టర్ను జేసి, ఈ అడవి పల్లెలకే పనిజేయిస్త అని. నేను బతికాను. అంటే, ఇరుక్కున్నాను.

ఆ కాలమంతా మా అక్కను కారేపల్లిలో అమ్మమ్మ దగ్గర వదిలిపెట్టారు. దానివల్ల అక్కకు బడి ఒక ఏడాది వెనకబడింది, నాకన్నా పెద్దదై ఉండి నా తరగతిలోనే, నా బెంచీ పక్కనే కూర్చుని చదువుకుంది. ఆ సంగతి అక్క ఎప్పుడూ ఎత్తేది కాదు. మరీ నేను విసిగిస్తే మాత్రం "దోమ కుట్టింది నిన్ను, వాత పడ్డది నాకు" అని నవ్వేది.

ఇక మా సంఘం పద్ధతి ఒకటి చెప్పాలి. ఆదివారం ఆరాధనలో, ఆ వారం పుట్టినరోజు వచ్చినవాళ్లను ముందుకు పిలిచేవారు. వాళ్లు మైకు పట్టుకుని గడిచిన ఏడాదికి కృతజ్ఞత చెప్పి, రాబోయే ఏడాదికి ఏం కావాలో సంఘం ముందు చెప్పాలి. దానికి అందరూ కలిసి "ఆమేన్" అంటారు. ఒకసారి ఆమేన్ పడిందా, ఇక అది మీ ఇంటి సంగతి కాదు, సంఘం సంగతి. వారం వారం దానికోసం ప్రార్థన చేస్తారు, ఎదురుపడితే ఎంతవరకు వచ్చిందని ఆరా తీస్తారు. మా పక్క క్వార్టరు మామయ్య ఒకసారి మాట జారి స్కూటరు కావాలన్నాడు. ఆయన కొనేదాకా సంఘం ఆయన్ను నడవనియ్యలేదు.

నా పుట్టినరోజు వచ్చిందంటే అమ్మ మైకు వదిలేది కాదు. జ్వరం, చీర, గోదావరి, వంతెన, మోకాళ్లు, మొక్కుబడి, అన్నీ వరసగా ఏడుస్తూ చెప్పేది. చివర "నా కొడుకును డాక్టర్ను జేస్త" అనగానే ఆమేన్‌తో రేకుల కప్పు అదిరేది. ఏటా ఒక ఆమేన్ చొప్పున నా మీద పడ్డ ఆమేన్లు పేర్చి ఉంటే మా బొగ్గు గుట్టలకన్నా ఎత్తయ్యేవి. అదే అక్క పుట్టినరోజైతే, జూన్‌లో వచ్చేది, "దీనికి మంచి బుద్ధి ఇయ్యాలె" అని అమ్మ ఒక్క ముక్క చెప్పి కూర్చునేది. పంచిన చాక్లెట్టు కాగితం విప్పేలోపు అక్క పుట్టినరోజు అయిపోయేది.

పదో తరగతి పాసైన ఆ ఎండాకాలం మా ఇల్లు దవాఖానా అయింది. నా పేరు అప్పటికే మూలపడి, కాలనీ మొత్తం నన్ను డాక్టరు బాబు అని పిలుస్తోంది. అంగడికి చింతపండో ఇప్పపువ్వో తెచ్చుకునే అడవి పల్లెల వాళ్లు మా సంఘం ఆడవాళ్ల నోట ఈ మాట విన్నారు. ఈ క్వార్టర్లో డాక్టరు ఉన్నాడట అని ఒక్కొక్కరే గేటు తీసుకుని రావడం మొదలైంది. చదవబోయేవాడికీ చదివినవాడికీ మధ్య ఉన్న తేడా ఎవరూ పట్టించుకోలేదు, అమ్మ అసలే పట్టించుకోలేదు. వచ్చినవాళ్లకు పీట వేసి, మంచినీళ్లిచ్చి, "కూసోండి, వస్తడు, తింటున్నడు" అనేది. వరస మా గేటు దాటి, మూల తిరిగి, బస్టాండు దాకా ఉండేది. పోనీ, ఇద్దరు ముగ్గురు.

ఒక అవ్వ మోకాలు నొప్పని వచ్చి, చీర కొంచెం పైకి జరిపి, కాలు నా ఒళ్లో పెట్టినంత పని చేసింది. "చూడు బిడ్డా, వానాకాలం రాకముందే దీన్ని నిలబెట్టు" అంది. మోకాలి మీద ముల్లు గీరుకున్న చోట ఎర్రగా చిన్న గీత ఉంది. ఆ గీత చూసి నాకు చెవుల్లో రైలు కూత వినబడింది. నా జబ్బు అదే. రక్తం చూస్తే నా కాళ్లు నా మాట వినవు. ఒకసారి కోడిని కోస్తుంటే కోడికన్నా ముందు నేను పడ్డాను. గోడకానుకుని నేను కళ్లు మూసుకుంటే, అక్క వచ్చి అవ్వ పక్కన చతికిలబడి, ఎప్పటి నుంచి, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా, రాత్రి నిద్ర పడుతోందా అని ఒక్కొక్కటే అడిగింది. ఆపైన అవ్వ చేయి పట్టుకుని కాలనీ డిస్పెన్సరీ దాకా నడిపించుకుపోయింది. తిరిగొచ్చాక అమ్మ మాత్రం అందరితో "మావోడు చూసి డిస్పెన్సరీకి రాసిండు" అని చెప్పింది. పెంచి చెప్పడం నాకెక్కడి నుంచి వచ్చిందో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

నాకు లెక్కలంటే ప్రాణం. లెక్కకు నెత్తురుండదు, తప్పు చేస్తే కొట్టేసి మళ్లీ చేసుకోవచ్చు. ఎంపీసీ తీసుకుంటానన్న మాట నా గొంతు దాకా వచ్చి, ఆమేన్ల గుట్ట చూసి వెనక్కి పోయేది. ఇక అక్క గ్రూపు సంగతి ఎవరూ మాట్లాడలేదు. సీఈసీ అని దానంతటదే అయిపోయింది. ఎవరు నిర్ణయించారంటే ఎవరూ లేరు. నా బైపీసీ పుస్తకాలు మాత్రం కాలేజీ తెరవకముందే తెచ్చారు. వాటిని రోజూ తెరిచి చదివింది అక్క, అట్టలు వేసింది నేను.

చేరేముందు, నన్ను బతికించిన దవాఖానాలోనే దీవెన తీసుకోవాలని అమ్మ పట్టుబట్టింది. మే నెల ఎండలో అమ్మ, అక్క, నేను బస్సెక్కాం. సారపాక దాటి వంతెన మీదికి వచ్చేసరికి కింద గోదావరి కూడా నీడ కోసం వెతుక్కుంటూ ఒక పక్కకు ఒదిగి ఉంది. అప్పటి డాక్టరమ్మ ఇంకా అక్కడే ఉన్నారు, జుట్టు నెరిసింది అంతే. అమ్మ కథంతా చెప్పింది. ఆవిడ నవ్వి, నా తల మీద చెయ్యి వేయబోతూ, "ఒక్క నిమిషం" అని పక్క మంచం మీది మనిషి అరచేతికి ఉన్న కట్టు విప్పారు.

తర్వాత ఏం జరిగిందో అక్క చెప్పగా విన్నదే. నేను కొట్టేసిన తాటిచెట్టులా కూలానట. కూలుతూ కూలుతూ సెలైన్ స్టాండునూ, దాని పక్కన ఉన్న ఒక కాంపౌండరునూ, ఆయన చేతిలోని ట్రేనూ వెంట తీసుకుపోయానట. కళ్లు తెరిచేసరికి మంచం మీద ఉన్నాను, చేతికి సూది ఉంది. తలాపున అమ్మ నేల మీద మోకాళ్లూని ఉంది. ఆ చేతి కట్టు పని సగంలో ఆగకుండా ట్రే పట్టుకుని డాక్టరమ్మ పక్కన నిలబడ్డది మా అక్క.

"డాక్టరైతడని దీవించమంటే పేషెంటును తెచ్చినవేందమ్మా" అని డాక్టరమ్మ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

తిరుగు బస్సులో ధైర్యం చేసి అమ్మతో అనేశాను, నాతోని కాదమ్మా, నేను ఎంపీసీ చేస్త అని. అమ్మ కోప్పడుతుందనుకున్నాను. మొదట్ల అందరు గట్లనే పడతరు, అలవాటైతది అంటుందనుకున్నాను. అమ్మ కిటికీ వైపు తిరిగి, మెల్లిగా అంది.

"నువ్వు ఏది సదివినా నాకు ఒక్కటే బిడ్డా. గాని, మొక్కుబడి తప్పినంక మళ్ల గా జ్వరమొస్తే? ఇందాక నిన్ను గా మంచం మీద చూసిన. ఇంకోపాలి నేను జూడలేను."

అప్పటిదాకా అది అమ్మ పంతమనుకున్నాను. పంతమైతే ఎదిరించవచ్చు, అలిగి అన్నం మానేయవచ్చు. భయాన్ని ఏం చేయాలి? అక్క వెనక సీట్లో కూర్చుని అంతా వింది. ఆ రోజు నుంచి నేను బైపీసీకి సిద్ధపడిపోయాను. రోజూ అన్నంలో టమాటా పచ్చడి ఎర్రగా కలుపుకుని, కళ్లార్పకుండా చూస్తూ సాధన చేశాను. పచ్చడి దాకా బాగానే ఉండేది.

జూన్ వచ్చింది. తొలి వాన పడ్డ ఆదివారం అక్క పుట్టినరోజు. మర్నాడే కాలేజీలో చేరాలి. రేకుల కప్పు మీద వాన ఎంత గట్టిగా పడుతోందంటే పాస్టరుగారి ప్రసంగం మూగవాళ్ల సైగల్లా సాగింది. పుట్టినరోజు వాళ్లను పిలిచారు. అమ్మ అలవాటు ప్రకారం ఆ ఒక్క ముక్క చెప్పి కూర్చోవడానికి లేవబోయేంతలో, అక్క ఆమె భుజం నొక్కి కూర్చోబెట్టి తానే వెళ్లి మైకు అందుకుంది. నిటారుగా నిలబడింది. గొంతు ఖంగుమంది.

"నాకు ఈ పుట్టినరోజుకు ఒక్కటే గావాలె. మా తమ్ముని మీద ఉన్న మొక్కుబడి నా మీద పెట్టుండ్రి. బైపీసీ నేను తీస్కుంట. అడవి పల్లెలల్ల పని నేను జేస్త. వాడు రక్తం జూస్తే పడతడు. నేను పడ."

అంతే. అమ్మ నోరు తెరిచేలోపు సంఘమంతా అలవాటుకొద్దీ ఒక్క గొంతుతో "ఆమేన్" అంది. రేకులు లేచి పడ్డాయి, గబ్బిలాలు పగటిపూట ఎగిరిపోయాయి, గనిలో బ్లాస్టింగ్ అనుకుని కాలనీలో ఆడవాళ్లు గిన్నెలు పట్టుకున్నారు. ఆమేన్ పడ్డాక ఇంకేముంది, అది సంఘం సంగతి అయిపోయింది.

ఆరాధన అయ్యాక అమ్మ పాస్టరుగారి దగ్గరికి వెళ్లింది. నేను వెనకాలే నిలబడ్డాను.

"మొక్కింది వాని మీద గదా అయ్యగారూ. గిట్ల బిడ్డ మీదికి మార్చుకోవచ్చా? వానికి మళ్ల ఏమన్న అయితే?"

ఆయన మైకు తీగ చుట్టుకుంటూ ఆగి, "మొక్కుబడి మీ ఇల్లు దాటి బయటికి పోలేదు గదమ్మా. కొడుకు దగ్గరి నుంచి బిడ్డ దగ్గరికి పోయింది. ఇంక పిల్లగాన్ని లెక్కలు చేసుకోనియ్యి" అన్నారు.

అమ్మ ఒక పెద్ద ఊపిరి విడిచింది. నేను ఇంతవరకు అంత పొడుగు ఊపిరి చూడలేదు, నేను పలక పట్టిన ఏడు ఆ దవాఖానాలో లోపలికి పీల్చింది ఆ రోజు బయటికి వచ్చింది. నేనైతే వానలో ఇంటిదాకా పరుగెత్తాను. దారిలో మడుగులన్నీ దూకాను. బైపీసీ పుస్తకాలు బొత్తి పెట్టి అక్క చేతిలో పెడితే, "అట్టలు మంచిగేసినవ్ రా, గా ఒక్క పనైన నేర్చుకున్నవ్" అంది.

నాన్నకు సంగతి మర్నాడు తెలిసింది. మేం కాలేజీలో చేరి వచ్చాక, అప్పుడే డ్యూటీ దిగి అన్నం ముందు కూర్చుని, "అవ్ గని, మనోడు డాక్టరెప్పుడైతడు?" అని అడిగాడు. అక్క పప్పు వడ్డిస్తూ, "కాడు నాన్నా, షిఫ్టు మారింది" అంది. ఆయనకు అంతకన్నా వివరం అక్కర్లేకపోయింది.

కథ అచ్చం అనుకున్నట్టు జరిగి ఉంటే అక్క డాక్టరు కావాలి. కాలేదు. రెండుసార్లు ఎంసెట్ రాసినా సీటు అందలేదు. అక్క ఏడ్చింది, ఏడ్చి లేచి నర్సింగులో చేరింది. ఇప్పుడు భద్రాచలంలో, జ్వరాల వార్డులో పెద్ద నర్సు. వానాకాలం వచ్చిందంటే అడవి పల్లెల తల్లులు పిల్లల్ని చీరల్లో చుట్టుకుని వచ్చేది ఆమె దగ్గరికే. అమ్మ అక్క ఇంట్లోనే ఉంటుంది, పొద్దునా సాయంత్రం బీపీ చూపించుకుంటుంది, వచ్చినవాళ్లందరితో "డాక్టర్లందరు మా బిడ్డను అడిగినంకనే మందు రాస్తరు" అని చెబుతుంది. అంత పెంచడం నాకు కూడా చేతకాదు. ఇక నాకు, ఈ రోజు వరకు, ఆ జ్వరం మళ్లీ రాలేదు.

మజ్జిగ తాగి మూతి తుడుచుకుంటున్న మేనకోడల్ని చూస్తే నాకు హాయిగానే ఉంది. దానికి ఏ మొక్కుబడీ లేదు, పచ్చడి సాధనా లేదు. ఒక నర్సు కూతురు షేర్ ఆటోలో కూర్చుని తనకు నచ్చిన చదువు తనే అనేసుకుంది, ఇంట్లో అందరూ సరే అన్నారు. అయితే ఆ సరేలు ఫోనులో వచ్చాయి, అక్కడితో అయిపోయాయి. రేపు లెక్క కుదరక ఆ పిల్ల తల పట్టుకుంటే, ఎంతవరకు వచ్చిందమ్మా అని వీధిలో ఆపి అడిగేవాళ్లు ఎవరూ ఉండరు. మమ్మల్ని ఊపిరాడనియ్యకుండా పట్టుకున్న చేతులే మమ్మల్ని కింద పడకుండా కూడా పట్టుకున్నాయేమో. వాటి నుంచి తప్పించుకున్నందుకు ఎంత సంతోషించానో, ఇప్పుడు అవి లేనందుకు అప్పుడప్పుడు అంత వెతుక్కుంటాను.

సరే, కల్పించింది ఎక్కడో చెబుతానన్నాను కదా. తాటిచెట్టు, కాంపౌండరు, బస్టాండు దాకా వరస, అవన్నీ పెంచినవి. కల్పించింది ఆ సంఘం ఆమేన్. అక్క నిటారుగా నిలబడలేదు, గొంతు ఖంగుమనలేదు. మైకు రెండు చేతులతో పట్టుకుని గొణిగింది. వానలో ఆమె మాటలు ఎవరికీ వినబడలేదు, మగవాళ్ల వైపు కూర్చున్న నాక్కూడా పెదవుల కదలికే తెలిసింది, మాటలు తర్వాత అమ్మ చెప్పగా విన్నవే. చెప్పడం అయిపోయి అక్క తల దించుకుని నిలబడితే, ఏం అడిగిందో తెలియక సంఘం ఒకరి మొహం ఒకరు చూసుకుంటోంది. ముందు చాప మీద అమ్మ ఒక్కతే విన్నది. చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్క వైపు చూసింది, ఒకసారి వెనక్కి తిరిగి నా వైపు చూసింది. కొంగు తీసి ఒక్కతే "ఆమేన్" అంది.

ఇది మాత్రం పెంచలేదు. అంత చిన్నగానే అంది.